వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ ఓబీడీ స్కానర్: సెకండ్ హ్యాండ్ కారులో చిన్న లోపాలు పట్టుకోవడానికి ఎంతవరకు పనికొస్తుంది

సెకండ్ హ్యాండ్ కారు కొన్న తర్వాత మొదటి నెలలో బయటపడే లోపాలు చాలావరకు పెద్దవి కావు. ఇంజిన్ ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ మాత్రమే నడిచేటప్పుడు) ఊగడం, పొద్దున సెల్ఫ్ బరువుగా తిరగడం, మీటరులో ఏదో ఒక లైటు వెలిగి ఆరిపోవడం, మైలేజీ చెప్పినంత రాకపోవడం వంటివే ఎక్కువ. వీటి మరమ్మతుకు అయ్యే ఖర్చు తక్కువే అయినా, కారణం తెలియక ఒకదాని తర్వాత ఒకటిగా స్పేర్లు మార్పించుకుంటూ పోతే బిల్లు వేలల్లోకి వెళుతుంది. ఆ వృథాను తగ్గించడానికి, స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చి ఫోనుకు కలుపుకునే, కారు కంప్యూటర్ నమోదు చేసుకున్న లోపాలను చదివి చూపే బ్లూటూత్ ఓబీడీ (ఆన్-బోర్డ్ డయాగ్నస్టిక్స్) స్కానర్ ఏ మేరకు ఉపయోగపడుతుందో చూడాలని ఒకటి తెప్పించుకున్నాను. ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. దీన్ని విజయవాడలో, 2016లో తయారైన నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌పై, కారు చేతికి వచ్చిన తొలి వారాల్లో వాడి చూశాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇది కొనదగిన వస్తువే, కానీ దీని విలువంతా అది చూపే కోడు (ఒక్కో లోపానికి కంప్యూటర్ ఇచ్చే గుర్తు) కంటే ఆ కోడు వెనుక కదిలే అంకెల్లోనే ఉంది, వాటిని చదవడానికి కాస్త ఓపిక ఉన్నవారికే డబ్బు గిట్టుబాటవుతుంది.

ఈ తరహా పరికరాల్లో చాలావాటిపై ఈఎల్‌ఎం 327 అని రాసి ఉంటుంది. కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ రూపొందించిన చిప్ పేరది. కార్ల కంప్యూటర్లు వాడే రకరకాల ప్రోటోకాల్‌లను మామూలు సీరియల్ ఆదేశాలుగా మార్చి ఇవ్వడం దాని పని. తొలి వెర్షన్‌కు కాపీ రక్షణ లేకపోవడంతో నకళ్లు ప్రపంచమంతా పాకిపోయాయి, అసలు సంస్థ 2022లో మూతపడినా నకళ్ల వ్యాపారం మాత్రం ఆగలేదు. కాబట్టి ఈ ధరలో దొరికేవన్నీ నకళ్లేనని అనుకొని కొనడమే మంచిది. ఆ నకళ్లలోనూ తేడాలున్నాయి. వెర్షన్ 1.5 అనే చిప్‌ను అసలు సంస్థ ఎన్నడూ విడుదల చేయలేదు, అయినా ఆ అంకెతో అమ్ముడయ్యే నకళ్లే సాధారణంగా మెరుగ్గా పనిచేస్తాయి, 2.1 అని రాసి ఉన్నవాటిలో చాలావాటికి కొన్ని ఆదేశాలు అసలు అర్థం కావు. పెద్ద అంకె ఉంది కదా, కొత్తదై ఉంటుందని తీసుకుంటే నష్టపోయేది మనమే. నేను వాడినది 1.5 రకం. తెలిసినవారి దగ్గర ఉన్న 2.1 రకాన్ని తెచ్చి ఇదే కారుకు పెట్టి చూస్తే, కోడ్లు చదివింది కానీ లైవ్ అంకెలు మధ్యమధ్యలో నిలిచిపోయాయి.

కొనే ముందు కారు వయసు కూడా చూసుకోవాలి. మన దేశంలో బీఎస్-4 (భారత్ స్టేజ్ 4 అనే కాలుష్య ప్రమాణం) కార్లకు ఓబీడీ తొలి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. బీఎస్-4 ప్రమాణం హైదరాబాద్ సహా కొన్ని పెద్ద నగరాల్లో 2010లోనే అమలుకు వచ్చినా, దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లోనే. అందువల్ల ఒకే మోడల్, ఒకే వయసు కార్లలోనూ హైదరాబాద్‌లో అమ్ముడైనదానికి, ఏదో జిల్లా కేంద్రంలో అమ్ముడైనదానికి మధ్య తేడా ఉండవచ్చు. 2013కు ముందరి కార్లకు ఈ పరికరం కొనాలనుకునేవారు, సాకెట్ ఉన్నంత మాత్రాన అన్నీ చదువుతుందని నమ్మకూడదు. పాత కే-లైన్ పద్ధతిలో మాట్లాడే కార్లలో అంకెలు మారడం కూడా చాలా నెమ్మదిగా ఉంటుంది.

సాకెట్‌లో పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోనులో 1234 అనే పిన్ కొట్టి జత చేస్తే సరిపోతుంది. యాప్‌గా నేను కార్ స్కానర్‌ను, టార్క్ ఉచిత వెర్షన్‌ను వాడాను; మొదటిది వివరంగా ఉంటుంది, రెండోది తేలికగా ఉంటుంది. అందరూ మొదట ఎర్రర్ కోడ్ల పేజీకే వెళతారు. సెకండ్ హ్యాండ్ కారు విషయంలో మాత్రం దానికంటే ముందు చూడవలసినవి రెండున్నాయి. మొదటిది, కోడ్లు చెరిపిన తర్వాత కారు ఎంత దూరం తిరిగిందో చెప్పే అంకె. అన్ని కార్లూ దీన్ని ఇవ్వవు, ఇచ్చేవాటిలో మాత్రం ఇది ఎంతో విలువైన సమాచారం. రెండోది, రెడీనెస్ మానిటర్ల పేజీ. ఆక్సిజన్ సెన్సర్, క్యాటలిటిక్ కన్వర్టర్ వంటివాటిపై కారు కంప్యూటర్ తనంతట తానుగా పరీక్షలు చేసుకుంటుంది, ఎవరైనా కోడ్లు చెరిపితే ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. మా కారు అమ్మినవారు బండిలో ఏ కంప్లైంటూ లేదండి అని చెప్పారు, కోడ్ల పేజీ కూడా ఖాళీగానే ఉంది. అయితే కోడ్లు చెరిపి యాభై కిలోమీటర్లు కూడా కాలేదని పక్క పేజీ చెప్పింది, మానిటర్లలో సగం పూర్తికాలేదని చూపించింది. దీన్ని బట్టి అమ్మినవారు మోసం చేశారని తేల్చడం న్యాయం కాదు, ఎందుకంటే చాలా కార్లలో బ్యాటరీ తీసి పెట్టినా ఇదే జరుగుతుంది. ఖాళీ పేజీని చూసి నిశ్చింతగా ఉండకూడదని మాత్రం అర్థమైంది. అనుకున్నట్లే కొద్ది రోజుల్లో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది.

వచ్చిన కోడు పి0171. ఇంజిన్‌లోకి వెళ్లే మిశ్రమంలో గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైందని దాని అర్థం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఇంజిన్ ఊగడం, ఒక్కోసారి ఆగిపోబోయినట్లు అనిపించడం అప్పటికే గమనించాను. ఇంటికి దగ్గరలోని ఒక వర్క్‌షాపులో చూపిస్తే కోడు చూసిన వెంటనే "ఆక్సిజన్ సెన్సర్ పోయిందండి, మార్చేస్తే సరిపోద్ది" అన్నారు, కొన్ని వేల అంచనా చెప్పారు. ఇక్కడే ఈ చిన్న పరికరం తన ధరకు ఎన్నో రెట్లు తిరిగి ఇచ్చింది. మిశ్రమంలో గాలి ఎక్కువగా ఉందని కంప్యూటర్‌కు చెప్పింది ఆ సెన్సరే. చెప్పినందుకు దాన్ని మార్చడం, జ్వరం చూపిందని థర్మామీటర్‌ను మార్చడం లాంటిది. సెన్సరే తప్పు చెబుతోందా, నిజంగానే గాలి ఎక్కువగా వస్తోందా అన్నది తేల్చుకోవడానికి ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకెలు చూడాలి.

పెట్రోలు ఇంజిన్‌లో ఒక పాలు పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి ఉంటే దహనం సరిగ్గా జరుగుతుంది. ఆ నిష్పత్తిని నిలబెట్టడానికి కంప్యూటర్ ఎంత పెట్రోలు అదనంగా కలుపుతోందో లేదా తగ్గిస్తోందో చెప్పేవే ట్రిమ్ములు. క్షణక్షణం మారేది షార్ట్ టర్మ్, అలవాటుగా స్థిరపడేది లాంగ్ టర్మ్. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ పది శాతం లోపు ఉంటే కంగారుపడనక్కరలేదు. మా కారులో ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో లాంగ్ టర్మ్ 18 దగ్గర నిలబడి, షార్ట్ టర్మ్ మరో నాలుగైదు చూపించింది. ఆక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కి 2,500 ఆర్పీఎం దగ్గర పట్టి ఉంచితే రెండూ కలిపి ఐదుకు దిగాయి. ఈ తేడాతోనే సగం సమాధానం దొరికింది. లోపలికి వచ్చే గాలిని కొలిచే సెన్సర్ దాటిన తర్వాత ఎక్కడో ఒక చిల్లు ఉండి గాలి దొంగచాటుగా లోపలికి వస్తుంటే, ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ కాబట్టి ఆ దొంగ గాలి వాటా పెద్దదవుతుంది; ఆర్పీఎం పెరిగినప్పుడు అసలు గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక చిల్లు ప్రభావం అందులో కలిసిపోతుంది. అలా కాకుండా ఆర్పీఎం పెరిగేకొద్దీ ట్రిమ్ములు కూడా పెరిగితే, ఫ్యూయల్ పంపు, ఫిల్టరు, ఇంజెక్టర్ల వైపు చూడాలి.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ లెక్క గాలి పరిమాణాన్ని మాఫ్ సెన్సర్‌తో కొలిచే కార్లలోనే ఇంత స్పష్టంగా పనిచేస్తుంది, మా కారులో ఉన్నది అదే. మన రోడ్లపై తిరిగే చిన్న కార్లలో చాలావాటికి మాఫ్ ఉండదు, మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలిని పంచే గొట్టంలోని) ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉంటుంది. లీకు వల్ల పెరిగిన గాలిని కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి ట్రిమ్ములు పెద్దగా చెదరవు, ఐడిల్ ఆర్పీఎం పెరిగిపోవడమో హెచ్చుతగ్గులవడమో కనబడుతుంది. మీ కారు ఏ రకమో యాప్‌లోనే తెలుస్తుంది: సెకనుకు ఇన్ని గ్రాములని గాలి ప్రవాహం చూపితే మాఫ్, మానిఫోల్డ్ ఒత్తిడిని మాత్రమే కిలోపాస్కల్‌లలో చూపితే మ్యాప్. రెండూ చూపే కార్లు కూడా ఉన్నాయి.

చిల్లు ఎక్కడుందో పరికరం చెప్పదు, అది మనమే వెతుక్కోవాలి. బానెట్ ఎత్తి, ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, ఫోనును బ్యాటరీ పక్కన పెట్టుకొని రబ్బరు పైపులన్నింటినీ ఒక్కొక్కటిగా తడిమి చూశాను. ఇంజిన్ లోపలి ఆవిర్లను తిరిగి దహనానికి పంపే పీసీవీ వాల్వు నుంచి మానిఫోల్డ్‌కు వెళ్లే మోచేయి ఆకారపు పైపు పైకి నల్లగా, నున్నగా, కొత్తదానిలా ఉంది. వేలు అడుగువైపుకు పోనిస్తే వంపు దగ్గర గోరు దిగేంత చీలిక తగిలింది, వేలి కొనను లోపలికి లాగుతున్నట్లు అనిపించింది. ఆ చీలికను వేలితో నొక్కి పట్టగానే ఇంజిన్ చప్పుడు మారింది, ఫోనులో షార్ట్ టర్మ్ ట్రిమ్ సున్నా దాటి మైనస్‌లోకి జారింది, వేలు తీస్తే మళ్లీ ఎక్కింది. ఇంతకంటే బలమైన రుజువు అక్కరలేదు. ఆటోనగర్‌లోని స్పేర్ల దుకాణంలో ఆ పైపు మూడు వందల లోపే దొరికింది, బిగించడానికి క్లిప్పులు వదులు చేయడం తప్ప పెద్ద పనిముట్లేవీ అవసరం కాలేదు. లీకు పట్టుకోవడానికి పైపులపై కార్బ్ క్లీనర్ కొట్టి చూడమని చాలామంది చెబుతారు. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ పక్కనే మండే ద్రావకం చల్లడం నాకు నచ్చని పద్ధతి, చేతివేలు, యాప్‌లోని అంకె రెండూ ఉండగా దాని అవసరం కూడా లేదు.

మరమ్మతు తర్వాత కోడును వెంటనే చెరపాలని తొందరపడనక్కరలేదు. లోపం నిజంగా పోయి ఉంటే, సాధారణంగా వరుసగా మూడు డ్రైవింగ్ సైకిళ్లు (ఇంజిన్ స్టార్ట్ చేసి, నడిపి, ఆపడం ఒక సైకిల్) సవ్యంగా గడిచాక లైటు దానంతటదే ఆరిపోతుంది, మరో నలభై సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారితే కోడు జ్ఞాపకం నుంచి కూడా తొలగిపోతుంది. చెరిపితీరాలనుకునేవారు ముందుగా ఫ్రీజ్ ఫ్రేమ్‌ను స్క్రీన్‌షాట్ తీసుకోవాలి. కోడు నమోదైన క్షణంలో ఆర్పీఎం, వేగం, కూలెంట్ వేడి ఎంత ఉన్నాయో అందులో ఉంటుంది, చెరిపితే అదీ పోతుంది. మా కారు ఫ్రీజ్ ఫ్రేమ్‌లో వేగం సున్నా, కూలెంట్ 72 డిగ్రీలు అని ఉంది. అది మిట్టమధ్యాహ్నం, హైవే మీద చాలాసేపు నడిపి వచ్చి టోల్ గేటు దగ్గర ఆగినప్పుడు వెలిగిన లైటు. అంత దూరం నడిచిన ఇంజిన్‌కు 72 డిగ్రీలు తక్కువ.

ఆ అంకె పట్టుకొని గుంటూరు రోడ్డులో వెళుతుండగా, పక్కన కూర్చున్నవారిని కూలెంట్ వేడి గమనించమన్నాను; నడిపేవారు ఫోను చూడకూడదు, ఈ పరికరం వాడేవారు ముందుగా పెట్టుకోవలసిన నియమం అదే. వేగం పెరిగినకొద్దీ వేడి 70 దగ్గరికి దిగింది, బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ వేసుకొని నిలబడితే 90 దాటింది. మీటరులోని ముల్లు మాత్రం రెండు సందర్భాల్లోనూ దాదాపు మధ్యలోనే ఉంది. చాలా కార్లలో ఆ ముల్లు విశాలమైన పరిధిలో కదలకుండా ఉండేలా అమర్చుతారు కాబట్టి దాన్ని చూసి ఏమీ తెలియదు. గాలి తగిలినప్పుడు చల్లబడిపోవడం, ఆగినప్పుడు వేడెక్కడం అంటే కూలెంట్ వేడిని బట్టి రేడియేటర్‌కు దారి తెరిచి మూసే థర్మోస్టాట్ వాల్వు మూసుకోవడం లేదని అర్థం. విప్పించి చూస్తే వాల్వు పాడవడం కాదు, అసలు లేనే లేదు, ఎవరో తీసేసి ఖాళీ హౌసింగ్ బిగించేశారు. "మన ఎండలకి వాల్వు ఎందుకండీ, తీసేస్తే ఇంజిన్ చల్లగా ఉంటది" అనే మాట మన మెకానిక్‌ల నోట తరచుగా వినబడేదే. ఇంజిన్ చల్లగా ఉన్నదనుకొని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది, ఆయిల్ సరైన వేడికి రాదు, మైలేజీ పడిపోతుంది. కొత్త వాల్వు వేయించాక వేడి హైవే మీదా ఊళ్లోనూ 86 నుంచి 95 మధ్య ఉంటోంది. ఈ లోపానికి కోడు ఏదీ రాలేదన్నది గమనించాలి. కోడ్ల పేజీ మాత్రమే చూసేవారికి ఇది ఎప్పటికీ దొరకదు.

ఇక దీని చేతకానివి. పొద్దున సెల్ఫ్ బరువుగా తిరగడానికి కారణం ఇది చెప్పలేకపోయింది. బ్యాటరీ వోల్టేజీ చూపుతుంది, ఇంజిన్ నడుస్తుండగా 14 దాటి ఉండటంతో ఆల్టర్నేటర్ బాగుందని తెలిసింది, కానీ సెల్ఫ్ కొట్టే క్షణంలో ఏం జరుగుతుందో పట్టుకునేంత వేగం దీనికి లేదు. పైగా ఆ క్షణంలో ఫోనుతో బంధం తెగిపోతుంది. మూడు నాలుగు వందల మల్టీమీటరు ఒకటి తీసుకొని, బ్యాటరీ మైనస్‌కు ఇంజిన్ బాడీకి మధ్య పెట్టి సెల్ఫ్ కొట్టిస్తే అర వోల్టుకు పైగా చూపింది, అంటే ఎర్త్ కేబుల్‌లో లోపం. కేబుల్ కొసను విప్పి గీకి బిగిస్తే సరిపోయింది. పరికరం చూపే వోల్టేజీకి, మల్టీమీటరు చూపేదానికి మధ్య 0.3 వరకు తేడా ఉందని కూడా అప్పుడే తెలిసింది.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లైటు విషయంలో ఇది పూర్తిగా మౌనం. ఈ ధరలోని పరికరాలు, ఉచిత యాప్‌లు ప్రధానంగా ఇంజిన్‌కు సంబంధించిన పి-కోడ్లనే చదువుతాయి. బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు, పవర్ స్టీరింగ్ కంప్యూటర్లతో మాట్లాడాలంటే ఆయా కంపెనీల సొంత ఆదేశాలు తెలియాలి. కొన్ని కార్లకు డబ్బు కట్టే యాప్‌లతో కొంతవరకు వీలవుతుంది, మా కారుకు కాలేదు. ఆటోనగర్‌లోని ఒక ఆటో ఎలక్ట్రీషియన్ తన పెద్ద స్కానర్‌తో చూసి వెనుక ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ అని తేల్చారు. అక్కడి కనెక్టరులో పచ్చగా తుప్పు పట్టి ఉంది. ఆయన తీసుకున్న రుసుము సమంజసమే. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు చక్రం దగ్గర వచ్చే టక్ టక్ చప్పుడు, క్లచ్ అరుగుదల, ఏసీ గ్యాసు, బ్రేకు ప్యాడ్లు ఇవేవీ ఇలాంటి స్కానర్‌కు కనబడవు. వాటికి మెకానిక్ చెవి, చేతి అనుభవమే దిక్కు.

వస్తువుగా దీనిలో చిరాకులు కొన్ని ఉన్నాయి. ప్లాస్టిక్ నాసిరకం, సాకెట్‌లో బిగుతుగా కూర్చోదు, మా కారులో సాకెట్ ఉన్న చోటికి నడిపేవారి మోకాలు తగులుతుంది. ఐఫోన్ వాడేవారికి ఈ పాత బ్లూటూత్ రకం పనికిరాదు, వైఫై రకమో బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త బ్లూటూత్) రకమో తీసుకోవాలి. సాకెట్‌లోని పదహారో పిన్నుకు బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందుతూనే ఉంటుంది కాబట్టి, కారు ఆపి ఉన్నా పరికరం వెలుగుతూనే ఉంటుంది. వారం పది రోజులు కారు కదపనివారు దాన్ని అలాగే వదిలేస్తే, ముందే బలహీనంగా ఉన్న బ్యాటరీ దిగిపోవచ్చు. పిన్ అందరికీ తెలిసిన 1234 కావడం, దాన్ని మార్చుకునే వీలు లేకపోవడం కూడా పని అయ్యాక తీసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోవడానికి మరో కారణం.

కొనదలచినవారు అమ్మకం పేజీలోని బొమ్మను చూసి కాక, తిరిగి ఇచ్చే గడువు ఉన్న చోట కొనాలి, వచ్చిన రోజే పరీక్షించాలి. ఈఎల్‌ఎం 327 ఐడెంటిఫయర్ పేరుతో ఉచిత యాప్‌లు దొరుకుతాయి. పరికరం ఏ వెర్షన్ ఆదేశాలకు నిజంగా బదులిస్తోందో అవి చెబుతాయి. తర్వాత ఇంజిన్ ఆన్ చేసి ఆర్పీఎం, కూలెంట్ వేడి, రెండు ట్రిమ్ములు ఒకే తెరపై పెట్టుకొని ఓ పావుగంట వదిలేయాలి. అంకెలు ఆగిపోకుండా వస్తుంటే ఉంచుకోవచ్చు, లేకపోతే గడువులోపు తిరిగి పంపేయాలి. వీలైతే కారు కొనకముందే తెప్పించుకొని, బేరం మాట్లాడే రోజున అమ్మేవారి అనుమతితో రెడీనెస్ మానిటర్ల పేజీ చూడటం ఇంకా మేలు. మానిటర్లు పూర్తికాలేదని ఉంటే, నాలుగు రోజులు వాడి మళ్లీ చూపించమని అడగవచ్చు, లేదా ధరలో ఆ మేరకు తగ్గించమనవచ్చు.